పదిహేడు సార్లు ఆగిన పాట

సారా పాట అంటే ఒకప్పుడు జిల్లా కేంద్రాల్లో పెద్ద తంతు. ఎక్సైజు ఏడాది అక్టోబరు ఒకటిన మొదలయ్యేది కాబట్టి ఆలోపే వేలం ముగించాల్సి వచ్చేది. కాంట్రాక్టర్లు మందీమార్బలంతో దిగేవారు. పాట ఎంత పైకి వెళ్తే హైదరాబాదులో ఆర్థిక శాఖకు అంత ఊరట. 1992లో నెల్లూరు జిల్లాలో మాత్రం ఆ తంతు సాగలేదు. అధికారులు తేదీ ప్రకటించేవారు, ఊళ్ల నుంచి ఆడవాళ్లు కట్టకట్టుకుని వచ్చి అడ్డం కూర్చునేవారు, తేదీ మారేది. అలా ఒకసారి కాదు, రెండుసార్లు కాదు, పదిహేడు సార్లు పాట వాయిదా పడింది.

అడ్డం కూర్చున్నవాళ్లలో ఎక్కువమంది ఏ పార్టీ సభ్యులూ కారు. వాళ్లలో చాలామంది రోజు కూలికి వెళ్లేవాళ్లు, అప్పుడప్పుడే సంతకం నేర్చుకున్నవాళ్లు. అప్పటి ముఖ్యమంత్రి నేదురుమల్లి జనార్దనరెడ్డిది అదే జిల్లా. అయినా వాళ్లు వెనక్కి తగ్గలేదు. రెండేళ్లు తిరిగేసరికి ఒక ప్రభుత్వ విధానం తలకిందులైంది, ఒక శాసనసభ ఎన్నికకు ప్రధాన నినాదం దొరికింది. ఆ తర్వాత మరో రెండేళ్లకు వాళ్లు సాధించినదాంట్లో సగం చేజారింది. పార్టీ జెండా పట్టని జనం ప్రభుత్వాన్ని ఎంతవరకు వంచగలరు, ఎక్కడ ఆగిపోతారు అన్నది తెలుసుకోవడానికి తెలుగువాళ్లకు ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ లేదు.

కథ కలిగిరి మండలంలోని దూబగుంటలో మొదలైంది. 1990 దశకం తొలినాళ్లలో నెల్లూరు జిల్లాలో ‘అక్షర దీపం’ పేరుతో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం నడిచింది. పగలంతా పొలాల్లో నడుం వంచిన ఆడవాళ్లు రాత్రి బడిలో పలక పట్టుకుని కూర్చునేవారు. వాళ్ల వాచకంలో సీతమ్మ కథ ఉంది. తాగుబోతు మొగుడి వల్ల బతుకు చితికిపోయిన ఇల్లాలి కథ అది. అక్షరాలు దిద్దుతూ దిద్దుతూ మాట తమ ఇళ్ల మీదికి మళ్లింది. కూలి డబ్బులు ఇంటికి రాకముందే సారా కొట్టులో ఎలా కరిగిపోతున్నాయి, తన్నులు ఎవరు తింటున్నారు, పిల్లలు ఎందుకు పస్తుంటున్నారు అన్న చర్చ వచ్చింది. వర్ధినేని రోశమ్మ ముందు నడిచారు. జనం తర్వాత ఆమెను దూబగుంట రోశమ్మ అనే పిలిచారు. ఊళ్లో సారా కొట్టు మూతపడింది.

అసలు విశేషం ఆ తర్వాత జరిగింది. దూబగుంట ఉదంతమే ‘ఆడవాళ్లు ఏకమైతే’ అన్న పాఠంగా తర్వాతి వాచకంలోకి ఎక్కింది. ప్రభుత్వ ఖర్చుతో అచ్చయిన పుస్తకం ప్రభుత్వ ఆదాయానికి గండికొట్టే కబురును ఊరూరా మోసుకెళ్లిందన్నమాట! విద్యా శాఖ ఒకవైపు, ఎక్సైజు శాఖ మరోవైపు. ప్రభుత్వం అనేది ఒకే తల, ఒకే మనసు ఉన్న మనిషి కాదు. తమ మాట వినే గది ఏదో, వినని గది ఏదో కనిపెట్టడంలోనే ఒత్తిడి వర్గాల నేర్పంతా ఉంటుంది. నెల్లూరు ఆడవాళ్లు దాన్ని ఎవరూ చెప్పకుండానే పట్టుకున్నారు. దాదాపు 5,000 ఊళ్లకు ఈ గాలి సోకింది. ఊళ్లలో సమావేశాలు పెట్టుకుని, మా ఊరికి సారా వద్దని తీర్మానాలు చేసి, కలెక్టరుకు పంపారు.

అవతలి పక్షం చిన్నది కాదు. 1970-71లో రాష్ట్రానికి సారా మీద వచ్చే రాబడి 40 కోట్ల రూపాయల లోపే. 1991-92 నాటికి అది 800 కోట్లు దాటింది. ఈ పెరుగుదల తనంతట తాను రాలేదు. 1980లలో తెలుగుదేశం ప్రభుత్వమే ‘వారుణి వాహిని’ పేరిట సారాను పాలిథిన్ ప్యాకెట్లలో నింపి పంపే ఏర్పాటు చేసింది. కుండల్లో కొలిచి పోసే సరుకు జేబులో పట్టే ప్యాకెట్టుగా మారింది, పొలం గట్టు మీదికి, కూలీల బస దగ్గరికి నడిచి వచ్చింది. రోడ్డు లేని ఊరికి, మంచినీళ్లు లేని పేటకు కూడా సారా ప్యాకెట్టు వేళకు చేరేదని అప్పటివాళ్లు చెప్పుకునేవారు. పదేళ్ల తర్వాత అదే పార్టీ సంపూర్ణ మద్యనిషేధం నినాదంతో అధికారంలోకి వచ్చింది. రాజకీయాల్లో జ్ఞాపకశక్తి అంత బలమైన సరుకు కాదు.

సారా కాంట్రాక్టరును ఒట్టి వ్యాపారిగా చూస్తే సంగతి సగమే అర్థమవుతుంది. పాటలో ఒక ప్రాంతాన్ని దక్కించుకున్నాక పెట్టిన డబ్బు రాబట్టుకోవాలంటే అతనికి స్టేషనులో ఎస్సై కావాలి, ఎక్సైజు ఇన్‌స్పెక్టరు కావాలి, నియోజకవర్గంలో శాసనసభ్యుడు కావాలి. ఆ శాసనసభ్యుడికి ఎన్నికల ఖర్చు కావాలి, ఊరూరా మనుషులు కావాలి. కాంట్రాక్టరు దగ్గర రెండూ ఉన్నాయి. సారా కొట్లో పనిచేసే కుర్రాళ్లే పోలింగు రోజున స్లిప్పులు పంచే కార్యకర్తలు. కాలక్రమంలో చాలాచోట్ల కాంట్రాక్టరే స్వయంగా అభ్యర్థి అయ్యాడు. ఈ వర్గానికి సంఘం, బోర్డు, ఊరేగింపు ఏదీ అక్కర్లేదు. మంత్రిగారింట్లో పొద్దున్నే కాఫీ తాగే చనువు ఉంటే చాలు.

దానికి ఎదురుగా ఆడవాళ్ల చేతిలో ఉన్నవి చీపుర్లు, కారప్పొడి. సారా బండ్లను ఊరి పొలిమేరలోనే ఆపేశారు. ప్యాకెట్లను కుప్పపోసి తగలబెట్టారు. తాగొచ్చిన మగాళ్లకు అన్నం పెట్టం అన్నారు. కొన్నిచోట్ల ప్రభుత్వం పోలీసు కాపలా పెట్టి మరీ సారా అమ్మించింది. ఆ దృశ్యంతో సర్కారు ఎవరి పక్షమో కళ్లకు కట్టినట్టు తెలిసిపోయింది.

ఇక్కడే పార్టీలు, సంఘాలు, పత్రికలు రంగంలోకి వచ్చాయి. జనవిజ్ఞాన వేదిక అక్షరాస్యతా ఉద్యమం నుంచే వెంట ఉంది. వామపక్షాల మహిళా సంఘాలు ఊళ్ల మధ్య లంకె వేశాయి. ఈనాడు పత్రిక సారా వ్యతిరేక పోరాటానికి ప్రత్యేకంగా పేజీలే కేటాయించింది. ఒక ఊళ్లో జరిగింది తెల్లారేసరికి పక్క జిల్లాలో చదివి వినిపించేవారు. ప్రతిపక్షంలో ఉన్న తెలుగుదేశం నాయకుడు ఎన్టీఆర్ గాలి ఎటు వీస్తున్నదో అందరికన్నా ముందు పసిగట్టారు. తాను అధికారంలోకి వస్తే సంపూర్ణ మద్యనిషేధం తెస్తానన్నారు. గమనించాల్సిన తేడా ఒకటుంది. ఆడవాళ్లు మొదట అడిగింది తమ ఊళ్లో సారా కొట్టు మూయమని. పార్టీ చేతికి వచ్చేసరికి అది రాష్ట్రమంతటా అన్ని రకాల మద్యం మీద నిషేధమైంది. ఎన్నికల సభలో చిన్న మాటకు చప్పట్లు పడవు మరి.

కాంగ్రెసు ప్రభుత్వం చూస్తూ కూర్చోలేదు. 1992 అక్టోబరులో ముఖ్యమంత్రి అయిన కోట్ల విజయభాస్కరరెడ్డి 1993 ఏప్రిల్ 15 నుంచి నెల్లూరు జిల్లాలో, అదే ఏడాది అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారాను నిషేధించారు. నిజానికి ఉద్యమం అడిగినదాన్ని ఇచ్చింది ఆయనే. ఓట్లు మాత్రం ఆయనకు రాలేదు. ఒత్తిడికి లొంగి ఇచ్చినవాడికన్నా, ఇంకా ఎక్కువ ఇస్తానన్నవాడికే పేరు దక్కింది. 1994 డిసెంబరు ఎన్నికల్లో 294 స్థానాల సభలో తెలుగుదేశానికి 216 వచ్చాయి, కాంగ్రెసుకు 26 మిగిలాయి. డిసెంబరు 12న లాల్ బహదూర్ స్టేడియంలో ప్రమాణం చేసిన ఎన్టీఆర్ జనం కళ్లముందే మద్యనిషేధం ఫైలు మీద సంతకం పెట్టారు. 1995 జనవరి 16 నుంచి నిషేధం అమలైంది.

ఆ గెలుపంతా సారా పుణ్యమే అనడం మాత్రం అతిశయోక్తి. రెండు రూపాయలకే కిలో బియ్యం హామీ ఉంది, రైతులకు చవక కరెంటు హామీ ఉంది, కాంగ్రెసులో ముఠా తగాదాలు ఉండనే ఉన్నాయి. ఏ ఓటు దేనికి పడిందో పెట్టె విప్పి చెప్పడం ఎవరి తరమూ కాదు. అయితే ఆడవాళ్లను ఆడవాళ్లుగా పిలిచి ఓటడగడం తెలుగునాట పార్టీలకు బాగా అలవాటైంది ఆ ఎన్నికతోనే. అంతకుముందు ఇంటి పెద్దను అడిగితే ఇంట్లో ఓట్లన్నీ వచ్చినట్టేనన్న లెక్క నడిచేది. రోశమ్మ తరం ఆ లెక్కను చెరిపేసింది. ఇది చిన్న విజయం కాదు.

మద్యం తెలుగు రాజకీయాలను కుదిపింది అదే మొదటిసారి కాదు. నలభై ఏళ్ల ముందు ఇదే ప్రశ్న తిరగబడ్డ రూపంలో వచ్చింది. 1953లో ఆంధ్రరాష్ట్రం ఏర్పడినప్పుడు మద్రాసు నుంచి మద్యనిషేధ చట్టం కూడా వారసత్వంగా వచ్చింది. ఆ చట్టం కింద కల్లు గీయడం నేరం. గీత కార్మికుల బతుకుదెరువు పోయింది. గౌతు లచ్చన్న వాళ్ల తరఫున సత్యాగ్రహం నడిపారు. నిషేధం ఎత్తేయమన్న రామమూర్తి కమిటీ సిఫారసును టంగుటూరి ప్రకాశం ప్రభుత్వం ఆమోదించలేదు. 1954 నవంబరులో అవిశ్వాస తీర్మానం మీద ఆ ప్రభుత్వం ఒక్క ఓటు తేడాతో కూలిపోయింది. సైమన్ కమిషన్ వ్యతిరేక ప్రదర్శనలో తెల్లవాళ్ల తుపాకులకు ఎదురు నిలిచిన ఆంధ్రకేసరి కల్లుగీత సమస్య దగ్గర ఓడిపోయారు. అప్పుడు నిషేధం వద్దన్న పేదలు, 1992లో నిషేధం కావాలన్న పేదలు, ఇద్దరివీ న్యాయమైన కారణాలే. ప్రభుత్వాన్ని ఒత్తిడి చేసేవాళ్లంతా స్వార్థపరులని ముద్ర వేసేవాళ్లు ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూడాలి.

మద్యం మీద ఒత్తిడి రాజకీయానికి లోకంలో పెద్ద బడి ఇంకొకటి ఉంది. అది అమెరికాలోని ఒహాయో రాష్ట్రం. 1893లో ఓబర్లిన్ అనే చిన్న పట్నంలో యాంటీ సెలూన్ లీగ్ పుట్టింది. అప్పటికే మద్యనిషేధం కోసమే పుట్టిన ప్రొహిబిషన్ పార్టీ ఒకటి ఉంది. 1869లో మొదలైన ఆ పార్టీకి అధ్యక్ష ఎన్నికల్లో ఎన్నడూ మూడు శాతం ఓట్లు కూడా రాలేదు. లీగ్ ఆ దారి పట్టలేదు. తాను పోటీ చేయనంది. రిపబ్లికనా, డెమొక్రటా అని చూడనంది. అభ్యర్థి ఇంట్లో తాగుతాడా లేదా అన్నది కూడా అనవసరమంది. చట్టసభలో మా వైపు చేయి ఎత్తుతావా లేదా, అదొక్కటే ప్రశ్న. రెండు పార్టీల మధ్య పోటీ గట్టిగా ఉన్నచోట కొద్ది శాతం ఓట్లు ఇటు నుంచి అటు జరిగినా ఫలితం మారిపోతుంది. ఆ కిటుకు లీగ్ తరఫున పనిచేసిన వేన్ వీలర్ అనే లాయరుకు బాగా తెలుసు. 1905లో లీగ్ మాట వినని ఒహాయో గవర్నరు మైరన్ హెరిక్ ఓడిపోయాక మిగతా నాయకుల వెన్నులో వణుకు పుట్టింది. 1919 జనవరి 16న నిషేధం ఏకంగా అమెరికా రాజ్యాంగంలోకే 18వ సవరణగా ఎక్కింది. ఎన్టీఆర్ నిషేధం అమలైన తేదీ కూడా జనవరి 16. కాకతాళీయమే అయినా గమ్మత్తుగా ఉంటుంది.

పార్టీగా నిలబడితే మూడు శాతం లోపు, వర్గంగా నిలబడితే రాజ్యాంగ సవరణ. ఆ ఫలితం వెనక ఉన్నది ఊరికే ఆవేశం కాదు. లీగ్‌కు జీతగాళ్లున్నారు, సొంత అచ్చాపీసు ఉంది, చర్చిల నుంచి నెలనెలా చందా వస్తుంది, ప్రతి శాసనసభ్యుడు ఏ బిల్లు మీద ఎటు ఓటేశాడో రాసిపెట్టుకున్న జాబితా ఉంది. నెల్లూరు ఆడవాళ్లకు ఇవేవీ లేవు. పొద్దున్నే కూలికి వెళ్లాలి, సాయంత్రం పొయ్యి రాజేయాలి. పోరాటానికి సెలవు పెట్టే వెసులుబాటు కూడా లేనివాళ్లు. గెలిచిన గెలుపును కాపలా కాసే బాధ్యత తెలుగుదేశం పార్టీకి వదిలిపెట్టారు. దెబ్బ పడింది అక్కడే.

1995 ఆగస్టులో సొంత పార్టీలోనే వచ్చిన సంక్షోభంలో ఎన్టీఆర్ పదవి పోయింది. సెప్టెంబరు 1న చంద్రబాబునాయుడు ముఖ్యమంత్రి అయ్యారు. మరుసటి జనవరిలో ఎన్టీఆర్ కన్నుమూశారు. 1996లో కొత్త ప్రభుత్వం రాష్ట్ర ఆర్థిక స్థితి మీద శ్వేతపత్రాలు విడుదల చేసింది. ఖజానా ఖాళీ అన్నది వాటి సారాంశం. రెండు రూపాయల బియ్యం మూడున్నర అయింది. కర్ణాటక నుంచి, మహారాష్ట్ర నుంచి, గోదావరి పక్కనున్న యానాం నుంచి సీసాలు దొంగదారిన వస్తూనే ఉన్నాయి, ఊళ్లలో నాటుసారా కాస్తూనే ఉన్నారు, మరి నిషేధం వల్ల ఒరిగిందేమిటి అన్న వాదన పత్రికల్లోకి, సభల్లోకి వచ్చింది. ఆ వాదనలో నిజం లేకపోలేదు. 1997 ఏప్రిల్ 1 నుంచి నిషేధం ఎత్తేశారు. సారా మీద నిషేధం మాత్రం అలాగే ఉంచి, బ్రాందీ, విస్కీ, బీరు దుకాణాలకు తలుపులు తెరిచారు. మహిళా సంఘాలు నిరసన తెలిపాయి. 1992 నాటి ఊపు తిరిగి రాలేదు. 1999 ఎన్నికల్లో తెలుగుదేశం 180 స్థానాలతో మళ్లీ గెలిచింది. నిషేధం ఎత్తేసినందుకు ఆ పార్టీ చెల్లించిన మూల్యం ఏమీ లేదు. రాజకీయ నాయకులు ఇలాంటి పాఠాలను ఒక్కసారి చదివితే మరిచిపోరు.

అమెరికాలోనూ కథ అటే తిరిగింది, కాకపోతే అక్కడ పద్నాలుగేళ్లు పట్టింది. పియేర్ డ్యూపాంట్ వంటి కోటీశ్వరులు నిషేధ వ్యతిరేక సంఘానికి డబ్బు పోశారు. మద్యం మీద పన్ను వస్తే తమ ఆదాయపు పన్ను తగ్గుతుందన్న ఆశను వాళ్లు దాచుకోలేదు. నిషేధానికి ఆడవాళ్ల మద్దతు ఉందన్న మాటను పటాపంచలు చేయడానికి పాలీన్ సేబిన్ 1929లో మహిళలతోనే ఒక సంస్థ పెట్టారు. ఆర్థిక మాంద్యం ముంచుకొచ్చి ఖజానా ఎండిపోయాక 1933 డిసెంబరు 5న నిషేధం రద్దయింది. చట్టం రావడానికి నీతి ఎంత కారణమో, పోవడానికి పన్ను అంత కారణం.

ఖజానాయే ఒక వర్గం అనుకుంటే ఈ లెక్క తేలికగా అర్థమవుతుంది. అది ఊరేగింపు తీయదు, నినాదం ఇవ్వదు. ప్రతి నెలా ఒకటో తారీఖున జీతాల రూపంలో, పింఛన్ల రూపంలో ముఖ్యమంత్రి గుమ్మం ముందు నిలబడుతుంది. ఓటరు అయిదేళ్లకోసారి వస్తాడు. 2017లో జీఎస్టీ వచ్చాక రాష్ట్రాలు తమ ఇష్టప్రకారం పన్ను పెంచుకోగల సరుకులు బాగా తగ్గిపోయాయి. తాగే మద్యం, పెట్రోలు, డీజిలు మిగిలినవాటిలో ముఖ్యమైనవి. మత్తు పానీయాల నిషేధానికి రాజ్యం కృషి చేయాలని రాజ్యాంగం 47వ అధికరణం చెప్తూనే ఉంటుంది. బడ్జెట్ పుస్తకం ఇంకో మాట చెప్తుంది.

నిషేధం పోయాక మద్యం వ్యాపారం కొత్త వేషం కట్టింది. లైసెన్సు దుకాణాలు, వాటి కింద ఊళ్లలో బెల్టు షాపులు, ధరలు నిర్ణయించే సిండికేట్లు, నెలనెలా మామూళ్లు. 2011 డిసెంబరులో ఏసీబీ మద్యం సిండికేట్ల మీద దాడులు చేసినప్పుడు ఆ లంకెలు ఎంత పైదాకా ఉన్నాయన్న చర్చ రాష్ట్రమంతా నడిచింది. 2019లో దశలవారీ మద్యనిషేధం హామీతో వైఎస్సార్ కాంగ్రెసు ఆంధ్రప్రదేశ్‌లో అధికారంలోకి వచ్చింది. ఆ ఏడాది అక్టోబరులో దుకాణాలను ప్రభుత్వమే తీసుకుంది. 2022లో మాత్రం మద్యం ఆదాయాన్ని చూపించి బేవరేజెస్ కార్పొరేషన్ ద్వారా 8 వేల కోట్ల రూపాయలకు పైగా అప్పు తెచ్చారు. నిషేధిస్తామన్న సరుకు మీద రాబోయే ఏళ్ల రాబడిని తాకట్టు పెట్టడం అంటే ఆ హామీకి అప్పుడే నీళ్లొదిలినట్టు. 2024లో తెలుగుదేశం కూటమి చవక మద్యం హామీ ఇచ్చి మరీ గెలిచింది, 99 రూపాయలకు క్వార్టర్ సీసా తెచ్చింది. ఒకప్పుడు నిషేధం ఓట్లు తెస్తే, ఇప్పుడు ధర తగ్గింపు ఓట్లు తెచ్చింది. తాగేవాళ్లు కూడా ఒక వర్గమేనని పార్టీలు గుర్తించాయి.

2023లో తెలంగాణలో 2,620 మద్యం దుకాణాలకు లాటరీ తీశారు. 1,30,000 పైగా దరఖాస్తులు వచ్చాయి. ఒక్కో దరఖాస్తుకు తిరిగి ఇవ్వని రుసుము రెండు లక్షలు. చుక్క మద్యం అమ్ముడుకాకముందే ఖజానాకు 2,600 కోట్లకు పైగా చేరింది. 2024 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్‌లో 3,396 దుకాణాలకు దాదాపు 90 వేల దరఖాస్తులు వచ్చాయి, రుసుముల రూపంలో 1,800 కోట్ల దాకా చేరాయి. ఈసారి 1992 నాటి దృశ్యం తిరిగి రాలేదు.

మరి ఆడవాళ్లు ఏమయ్యారు? ఎక్కడికీ పోలేదు. సారా పోరాటం చల్లబడకముందే నెల్లూరులో పొదుపు ఉద్యమం పుట్టింది. రోజుకో రూపాయి దాచుకునే గుంపులు లేచాయి. అవి డ్వాక్రా సంఘాల్లో కలిసి రాష్ట్రమంతా పాకాయి. సారా మీద లేచిన గుంపుకు ఆఫీసు లేదు గానీ, డ్వాక్రా సంఘానికి పుస్తకం ఉంది, బ్యాంకు ఖాతా ఉంది, మండల సమాఖ్య ఉంది. ఇంత చక్కగా కూర్చిన ఓటర్ల జాబితా పార్టీలకు ఇంకెక్కడ దొరుకుతుంది? ముఖ్యమంత్రిగా వై.ఎస్. రాజశేఖరరెడ్డి ఆ సంఘాలకు పావలా వడ్డీకి అప్పులు ఇప్పించారు. 2019 ఎన్నికల ముందు చంద్రబాబునాయుడు పసుపు కుంకుమ పేరుతో ఒక్కొక్కరికి పది వేలు వేశారు. జగన్మోహనరెడ్డి ఆసరా పేరిట నాలుగు విడతల్లో అప్పు తీరుస్తానన్నారు. పసుపు కుంకుమ అందుకున్న ఎన్నికలోనే తెలుగుదేశం 23 స్థానాలకు పడిపోయింది కాబట్టి, డబ్బు వేస్తే ఓటు పడుతుందన్న లెక్కా గట్టిది కాదు. అయినా ఒక మార్పు స్పష్టంగా కనబడుతుంది. 1992లో ఆడవాళ్లు అజెండా రాశారు, పార్టీలు దాన్ని మోశాయి. ఇప్పుడు పార్టీలు అజెండా రాస్తున్నాయి, సంఘాల లీడర్లు బస్సుల్లో సభలకు జనాన్ని తెస్తున్నారు. ఒత్తిడి చేయాల్సిన వర్గం ఒత్తిడికి లోబడే వర్గమైంది. బీహారులో మాత్రం ఇంకో రకంగా జరిగింది. అక్కడ జీవికా స్వయం సహాయక సంఘాల మహిళలు 2015లో అప్పటి ముఖ్యమంత్రి నితీశ్ కుమార్‌ను అడిగారు, 2016 ఏప్రిల్‌లో నిషేధం వచ్చింది. కల్తీసారా చావులు, దొంగరవాణా కేసులు ఎన్ని బయటపడ్డా ఎత్తేసే ధైర్యం ఆయన చేయలేదు. ఆ ఓట్లు మళ్లీ కావాలి కాబట్టి.

ఓటుతో ఒత్తిడి చేసేవాళ్లు వీధిలో కనిపిస్తారు, లెక్కకు అందుతారు. డబ్బుతో ఒత్తిడి చేసేవాళ్లు కనిపించరు. 2018 జనవరిలో వచ్చిన ఎన్నికల బాండ్ల పథకం ఆ చాటుకు చట్టం ముసుగు కప్పింది. ఎవరు ఎవరికి ఎంత ఇచ్చారో ఓటరుకు తెలిసేది కాదు. అంతకుముందే, కంపెనీలు తమ లాభంలో 7.5 శాతానికి మించి చందా ఇవ్వరాదన్న హద్దు కూడా తీసేశారు. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ పథకాన్ని కొట్టేసింది. మార్చిలో స్టేట్ బ్యాంకు లెక్కలు బయటపెట్టింది. 2019 ఏప్రిల్ తర్వాత భాజపాకు 6 వేల కోట్లకు పైగా, అన్ని పార్టీల్లో నాలుగో స్థానంలో ఉన్న బీఆర్‌ఎస్‌కు 1,200 కోట్లకు పైగా, వైఎస్సార్ కాంగ్రెసుకు 330 కోట్లకు పైగా, తెలుగుదేశానికి 200 కోట్లకు పైగా బాండ్లు ముట్టాయి. కొన్నవాళ్లలో రెండో స్థానం హైదరాబాదుకు చెందిన మేఘా ఇంజనీరింగ్ సంస్థది, 966 కోట్లు. బాండు కొన్నంత మాత్రాన తప్పు చేసినట్టు కాదు. కానీ ఇచ్చిన చేయి, పుచ్చుకున్న చేయి ఎవరివో ఆరేళ్లపాటు ఓటరుకు తెలియకుండా ఉంచడం తప్పేనని కోర్టు తేల్చింది.

దూబగుంట రోశమ్మ 2016లో చనిపోయారు. ఆమె తరం సాధించింది వృథా పోయిందనడం అన్యాయం. సారా పాటలు తిరిగి రాలేదు, ప్యాకెట్టు సారా తిరిగి రాలేదు. పోగొట్టుకున్నది మాత్రం ఒకటుంది, గెలిచాక కాపలా కాసే ఏర్పాటు. అది పార్టీలు చేసిపెట్టే పని కాదు.

మీరు చేయగలిగిన పని ఒకటుంది. 20 వేల రూపాయలు దాటిన ప్రతి చందా వివరాన్ని పార్టీలు ఏటా ఎన్నికల సంఘానికి ఇవ్వాలి. ఆ నివేదికలు సంఘం వెబ్‌సైటులో ఎవరైనా చూడవచ్చు. డ్వాక్రా సమావేశంలోనో, రైతు సంఘంలోనో, కాలేజీ తరగతిలోనో ఒక గంట కేటాయించి, మీ రాష్ట్రంలో పోటీ చేసే పార్టీల నివేదికలు తీసి చదవండి. వచ్చేసారి మేనిఫెస్టో పట్టుకుని ఎవరైనా మీ గుమ్మం ఎక్కితే, ఆ కాగితం గురించి ఎంత అడుగుతారో ఈ చందాల గురించి కూడా అంతే అడగండి.